బట్టలగది: దండెము నుండి వెనుకకు

ఉతుకుయంత్రము ఇంటికి వచ్చి యేండ్లు గడచినవి. మీట నొక్కిన గంటకో గంటన్నరకో అది బట్టలను ఉతికి, జాడించి, పిండి చేతికి అందించుచున్నది. అయినను ఏ ఇంట చూచినను కుర్చీ వీపున వ్రేలాడు తువ్వాలును, మంచముపై మడతకు నోచుకొనని గుట్టయు, స్నానాలగది మూలలో తడిసి ముద్దయైన పంచెయు కనబడక మానవు, ఎందుచేత? భార్యాభర్త లిరువురును ఉద్యోగములకు పోవు ఇండ్లలో, బడికి పోవు పిల్లలును మెట్లు దిగలేని పెద్దలును కలసియుండు ఇండ్లలో, ఈ ప్రశ్న వారమున కొకసారియైనను, తరచుగా ఆదివారము సాయంకాలమున, ఎవరో యొకరి నోట వెలువడుచునే యుండును.

యంత్రము చిన్నదనియు, పిల్లలు పూటకొక జత మార్చుదురనియు, పనిమనిషి నాగాలు పెట్టుచున్నదనియు, ఇంటిలో చోటు చాలదనియు జనులు దీనికి సమాధానము చెప్పుకొందురు. వీటిలో కొంత నిజము లేకపోలేదు. కాని ఈ అధ్యాయమున నేను చూపదలచిన కారణము వేరు. మనము బట్టలగదిని యంత్రము చుట్టును అమర్చుకొనుచున్నాము. ఆ పనిలో అన్నిటికంటె వేగముగా నడచు భాగము యంత్రము. అన్నిటికంటె మెల్లగా నడచునది దండెము. మెల్లగా నడచుదానిని ముందుగా చూచి, దాని శక్తికి తగినట్లు మిగిలినవాటిని ఒక్కొక్కటిగా వెనుకకు అమర్చుకొనుచు వచ్చినచో, అదే చోటులో, అదే యంత్రముతో, ఇంటి బట్టల పని తెమలును.

బట్టలగది యను మాట మన ఇండ్లకు క్రొత్త. నిన్నమొన్నటివరకు పెరటి బావిగట్టున ఒక ఉతుకుబండ, రెండు గుంజల నడుమ ఒక తాడు, ఇవియే బట్టలగది. నేడు హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను ఫ్లాటులలో కాపురముండువారికి వంటగది వెనుక వాష్ ఏరియా అని ఒక ఇరుకు చోటు మిగిలినది. అంట్లు తోముటయు అక్కడనే, బట్టలు ఉతుకుటయు అక్కడనే. నా మాటలు ముఖ్యముగా ఆ చోటును ఉద్దేశించినవి.

గుట్ట ఎందుకు తరగదు?

ఒక చెరువును తలచుకొందము. వాగునుండి దినమునకు కొంత నీరు వచ్చి చేరుచున్నది. తూము గుండా అంత నీరును పొలములకు పోవుచున్నది. రాకయు పోకయు సమముగా నున్నంతకాలము నీటిమట్టము పెరగదు, తరగదు. అయితే ఆ మట్టము ఎంత ఎత్తున నిలుచు ననునది దేనిపై ఆధారపడును? వాగులోనుండి వచ్చిన నీటిబొట్టు తూమును చేరుటకు సగటున ఎన్ని దినములు పట్టునో దానిపై. దినమునకు వచ్చు నీటిని ఆ దినముల సంఖ్యచే హెచ్చవేసినచో, చెరువులో నిలిచియున్న నీరెంతయో తెలియును. చూచుటకు ఇంత సులభమైన ఈ సంగతి బారులు తీరి నిలుచు సమస్త విషయములకును వర్తించునని 1961లో జాన్ లిటిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గణితరీత్యా నిరూపించెను; నాటినుండి దీనికి లిటిల్ నియమమని పేరు వచ్చినది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగులకును, కర్మాగారములో సగము తయారై నిలిచిన వస్తువులకును వర్తించు ఈ నియమము మాసిన బట్టలకును వర్తించును.

తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు, ఒక నాయనమ్మ, ఈ ఐదుగురు మనుష్యులు దినమునకు తలకు మూడు చొప్పున పదునైదు బట్టలు విడుతురనుకొందము. విడిచిన బట్ట తిరిగి బీరువాలోని తన అరకు చేరుటకు నాలుగు దినములు పట్టినచో, ఆ ఇంటిలో ఏ క్షణమున లెక్కించినను సుమారు 60 బట్టలు బీరువా వెలుపలనే యుండును. ఎవరెంత శ్రమపడినను, ఎవరిని ఎవరెంత మందలించినను ఆ అరువది అరువదిగానే యుండును. అదే ప్రయాణమును రెండు దినములకు కుదించినచో, బట్టలు తగ్గించకయే, యంత్రమును మార్చకయే, గుట్ట 30కి దిగును.

ఆ నాలుగు దినములు ఎక్కడ ఖర్చగుచున్నవో చూడుడు. బుట్టలో నిరీక్షణకు రెండు దినములు, దండెముపై ఒక దినము, మడతకో ఇస్త్రీకో ఎదురుచూచుచు కుర్చీపై మరియొక దినము. ఈ 96 గంటల ప్రయాణములో యంత్రము పాలు ఒక గంట, మించినచో గంటన్నర. ఆ గంటను అరగంటగా తగ్గించు క్రొత్త యంత్రమును వేలకు వేలు పోసి తెచ్చినందువలన గుట్టకు కలుగు భేదము కంటికి ఆనదు. కర్మాగార నిర్వాహకులు బాటిల్‌నెక్ అని పిలుచు భాగమును మనము ఇరుకుదారి యందము. ఇరుకుదారిలో గంట మిగిలినచో పని మొత్తమునకు గంట మిగులును. దానికి వెలుపల మిగిలిన గంట బట్టలు ఒకచోట నుండి లేచి మరియొకచోట గుట్టపడుటకు మాత్రమే ఉపయోగపడును.

వారమంతయు కూడబెట్టి ఆదివారమున ఉతుకు ఇంటిలో ఈ ఇరుకుదారి ఎట్లు మూసికొనిపోవునో ఊహించుట కష్టము కాదు. ఏడు దినముల నీరు ఒక్క పూటలో తూముపై వచ్చి పడుచున్నది. నూరు పైచిలుకు బట్టలు, వాటితోపాటు దుప్పట్లు, దిండుగలీబులు. యంత్రము వాటిని నాలుగు విడతలలో సాయంకాలమునకు ఉతికి పెట్టగలదు గాని, బాల్కనీలోని దండెము ఒక విడతను మాత్రమే ఊపిరాడునట్లు మోయగలదు. మిగిలిన మూడును తలుపుల మీదికి, కిటికీ ఊచల మీదికి, ఒకదానిపై ఒకటిగా ఎక్కును. దినదినము కొంచెముగా ఉతికినచో నీరును విద్యుత్తును వృథా యగునన్న ఆక్షేపణ సమంజసమైనదే. కావున ఐదుగురున్న ఇంటికి దినము విడిచి దినము ఒక నిండు విడతయు, దుప్పట్లకు వేరుగా వారములో ఒక దినమును కేటాయించుట నా యభిప్రాయమున మేలు.

గాలి ఎంత నీరు మోయగలదు?

ఇక ఈ అధ్యాయమునకు ప్రాణమువంటి విషయమునకు వచ్చితిమి. ఐదు కిలోల నూలుబట్టలను యంత్రము నిమిషమునకు వేయి చుట్లు త్రిప్పి పిండినదనుకొందము. బయటకు తీసినపుడు అవి చేతికి తడి అంటీ అంటనట్లు ఉండును. ఇంకేమున్నది, ఆరిపోయినట్లే అనిపించును. వాస్తవమునకు వాటిలో ఇంకను సుమారు మూడు లీటర్ల నీరున్నది. నూలుపోగు నీటిని పైపైన పట్టుకొనుట మాత్రమే కాదు, తనలోనికి పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే అదే యంత్రమునుండి అదే వేళకు వచ్చిన పాలియెస్టరు చొక్కా గంటలో ఆరిపోవుచుండగా, నూలు తువ్వాలు సాయంకాలమువరకు చల్లగానే తగులును. పాలియెస్టరు పోగులోనికి నీరు దాదాపుగా చొరబడదు.

ఈ మూడు లీటర్లును ఆవిరియై పోవలెను. నీరు ఆవిరి యగుటకు అది మరుగనక్కరలేదు; ముప్పది డిగ్రీలవద్దను అగును; కాని అందుకు వేడిని ఎక్కడినుండియైనను తెచ్చుకొనవలసినదే. మూడు లీటర్లకు కావలసిన వేడి విద్యుత్తు లెక్కలో సుమారు రెండు యూనిట్లు, అనగా వేయి వాట్ల ఇస్త్రీపెట్టె రెండు గంటలు ఏకధాటిగా కాలిన ఖర్చు. ఎండయు గాలియు ఆ రెండు యూనిట్లను మనకు ఉచితముగా ఇచ్చుచున్నవి. నిర్మలమైన ఆకాశమున నడిప్రొద్దు ఎండ చదరపు మీటరునకు సుమారు వేయి వాట్ల శక్తిని కురిపించును. ఇంత ధనమును వదలుకొని తడిబట్టలను చీకటి మూలలో వ్రేలాడదీయుట ఎంత నష్టమో గృహిణులు ఈ లెక్కవలన గ్రహింతురని నా ఆశ.

అయితే ఆవిరిని మోయుటకు గాలికిని ఒక హద్దున్నది. ముప్పది డిగ్రీల వేడిమివద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిఆవిరిని మోయగలదు, అంతకు మించి మోయలేదు. మోయగలిగిన దానిలో ఇప్పటికే నూటికి ఎంత మోయుచున్నదో ఆ పాలును శాస్త్రజ్ఞులు రిలేటివ్ హ్యూమిడిటీ యందురు. మనము గాలితడి యందము. శ్రావణమాసమున గాలితడి నూటికి ఎనుబది యున్నదనుకొందము. ఇరువది నాలుగు గ్రాములు ముందే నిండియున్నవి. మిగిలిన చోటు ఆరు గ్రాములు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తుగల గదిలో ఇరువది ఎనిమిది ఘనమీటర్ల గాలి పట్టును. తలుపులు, కిటికీలు మూసిన ఆ గది గాలియంతయు కలసి ఇంకను మోయగల నీరు 170 గ్రాములు: ఒక గ్లాసెడు. బట్టలలో నున్నది మూడు లీటర్లు!

వానకాలమున మూసిన గదిలో దండెము కట్టి, పైన ఫ్యాను వేసి, తెల్లవారి చూచినచో బట్టలు ఇంకను చెమ్మగానే యుండుటకు కారణము ఇదే. ఫ్యాను గాలిని కదిలించును గాని మార్చదు. ఒక గ్లాసెడు నీరు పీల్చిన తరువాత ఆ గాలి నిండిపోయినది. దానిని ఎంత వేగముగా త్రిప్పినను అది మరియొక బొట్టును స్వీకరింపదు. మూడు లీటర్లు బయటకు పోవలెనన్నచో గదిలోని గాలి యావత్తు పదునెనిమిది సార్లు బయటకు పోయి, అన్నిసార్లు క్రొత్త గాలి లోనికి రావలెను. కావున ఒక కిటికీ తెరచియుంచి, దానికి ఎదుటి గోడలో గాలిని బయటకు నెట్టు ఎగ్జాస్టు ఫ్యాను నొకదానిని బిగించినచో, పైన తిరుగు పెద్ద ఫ్యానుకంటె అది బట్టలకు ఎక్కువ మేలు చేయును. ఏసీ నడచు గదిలో బట్టలు త్వరగా ఆరుటకు కారణమును ఇక్కడనే యున్నది: ఏసీ గాలిలోని తడిని తన చల్లని గొట్టములపై నీటిబొట్లుగా మార్చి బయటకు కార్చివేయును.

వైశాఖమాసపు తెలంగాణమున లెక్క వేరు. నలువది డిగ్రీల వేడిమిలో ఘనమీటరు గాలి యాభై గ్రాములకు పైగా మోయగలదు. గాలితడి నూటికి ఇరువది యున్నచో అందులో నలువది గ్రాముల చోటు ఖాళీ. వానకాలములో గ్లాసెడు నీటికే చేతులెత్తిన అదే గది ఇప్పుడు లీటరునకు పైగా మోయును. అందుచేత కరీంనగరములోని అక్కగారికి పనిచేసిన ఏర్పాటు కాకినాడలోని చెల్లెలికి పనిచేయకపోవుటలో విచిత్రమేమియు లేదు. సముద్రతీరమున నుండువారికి దండెము పొడవు ఎక్కువ కావలెను, బట్టకును బట్టకును నడుమ ఎడము ఎక్కువ కావలెను.

ఎడము మాట వచ్చినది గనుక ఒక సూక్ష్మమును చెప్పెదను. తడిబట్టను అంటిపెట్టుకొని పలుచని గాలిపొర యొకటి ఎల్లప్పుడు ఉండును. బట్టలోని తడి ముందుగా ఈ పొరలోనికి వచ్చును. పొర నిండిపోయిన క్షణమున ఆరుట మందగించును. గాలి వీచినపుడు పొర చెదరి క్రొత్తది వచ్చును. రెండు చొక్కాలను ఒకదానికొకటి ఆనించి వేసినచో నడుమ పొర చెదరు వీలులేదు. ఆ వైపులు రెండును తడిగానే మిగులును. హ్యాంగరుకును హ్యాంగరుకును మధ్య జానెడు ఎడముంచుడు. దుప్పటిని ఒకే తాడుపై రెండు మడతలుగా వేయక, అడుగు దూరములోనున్న రెండు తాళ్లపై గుడారమువలె పరచుడు. లోపలి ముఖమునకును గాలి ఆడును. జీన్సు ప్యాంటు జేబులు బయటకు లాగి, తిరగవేసి ఆరవేయుడు, ఏలయనగా నడుము పట్టీయును జేబుల అడుగులును చివరివరకు తడిసియుండు భాగములు.

ఇంకొక్క సంగతి. వేడి పెరిగినకొలది గాలితడి తగ్గును గనుక, తెల్లవారుజామున గాలి అత్యంత తడిగాను, మధ్యాహ్నము మూడు గంటల ప్రాంతమున అత్యంత పొడిగాను ఉండును. రాత్రి భోజనములైన తరువాత ఉతికి అప్పుడే ఆరవేయుట శ్రమకు తగిన ఫలమీయదు. నేటి యంత్రములు అనేకము ఇన్ని గంటల తరువాత మొదలుపెట్టుమని ముందుగా చెప్పి పడుకొనుటకు వీలిచ్చుచున్నవి. బట్టలు రాత్రి వేసి, తెల్లవారు ఆరింటికి పని ముగియునట్లు అమర్చినచో, బడిబస్సు రాకముందే అవి దండెమెక్కి దినమంతటి పొడిగాలిని వాడుకొనును. సూర్యాస్తమయమునకు ముందే వాటిని తీయవలెను. సాయంకాలపు గాలి చల్లబడి తడియైనకొలది, ఆరిన నూలు తిరిగి దానిలోని చెమ్మను పీల్చుకొనును.

ఆవిరిగా పంపవలసిన నీటిని ముందే పిండి తీసివేయుటకంటె చౌక మార్గము మరియొకటి లేదు. పావు మీటరు వ్యాసార్ధముగల డ్రమ్ము నిమిషమునకు వేయి చుట్లు తిరిగినపుడు అంచునగల నీటిబొట్టును తన బరువుకు 280 రెట్ల బలముతో బయటకు నెట్టును. వేగము రెండింతలైనచో బలము నాలుగింతలగును. తువ్వాళ్లకును జీన్సులకును రెండవసారి పిండు మీటను నొక్కుట వానకాలములో ఆరు సమయమును ఎంతో తగ్గించును. పట్టుకును, పలుచని చీరలకును ఈ బలము తగదు.

బుట్టలో గడచు కాలము

దండెమునుండి ఒక అడుగు వెనుకకు వచ్చినచో యంత్రము, ఇంకొక అడుగు వెనుకకు వచ్చినచో బుట్ట. బుట్ట నిరపాయమైన చోటని మన భావన. అందు బట్టలు ఊరకే యుండవు.

ఉతికిన బట్ట ఆరినపుడు ఏ వాసనయు లేక, మరునాడు చెమట తగులగనే ముక్కవాసన వేయుట అనేకుల అనుభవము. 2012లో జపాను శాస్త్రజ్ఞులు ఈ వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అను సూక్ష్మజీవిని మూలముగా గుర్తించిరి. చెమటయు చర్మపు జిడ్డును దానికి ఆహారము, ఆ భోజనమున అది విడుచు ఒక ఆమ్లము ఈ దుర్వాసన. ఆ జీవి ఆరిన బట్టలోను చావక ఓపిక పట్టియుండును. తడి తగిలినచో తిరిగి వృద్ధిపొందును. కావున దానికి మనము ఇచ్చు గొప్ప కానుక తడితువ్వాలును చుట్టచుట్టి బుట్ట అడుగున వేయుట. తువ్వాలును, ఆటలనుండి వచ్చిన పిల్లల బనీనును ముందుగా కొక్కెమునకు తగిలించి ఆరిన తరువాతనే బుట్టలో వేయవలెను. బుట్టకు నాలుగువైపుల కన్నములుండవలెను. మూతగల ప్లాస్టిక్కు డబ్బా చూపునకు ఎంత అందముగా నున్నను ఈ పనికి పనికిరాదు.

తెలుపు వేరు, రంగు వేరు అని వేరుచేయుట అందరికిని తెలిసినదే. దండెమునుండి ఆలోచించువారు దానికి ఇంకొక విభజన చేర్చుదురు: త్వరగా ఆరునవి, ఆలస్యముగా ఆరునవి. చొక్కాలు, లంగాలు, పిల్లల యూనిఫారములు ఒక విడత. తువ్వాళ్లు, జీన్సులు ఒక విడత. రెంటిని కలిపి ఉతికినచో సగము బట్టలు మధ్యాహ్నమే ఆరి, తక్కిన సగము కొరకు దండెము మరునాటివరకు ఖాళీ కాదు.

మరకల విషయమున కాలము కొన్నింటికి శత్రువు, కొన్నింటికి మిత్రము. నెత్తురు మాంసకృత్తుతో కూడినది. వేడినీరు తగిలినచో అది గట్టిపడి పోగును పట్టుకొనును గనుక, వెంటనే చన్నీటిలో జాడింపవలెను. పసుపు మరక సంగతి చిత్రమైనది. సబ్బు తగులగనే అది ఎఱ్ఱబారును. మరక ముదిరినదని భయపడి గృహిణి మరింత రుద్దును. పసుపులోని కర్కుమిన్ అను రంగు క్షారము తగిలినపుడు ఎఱ్ఱబడుట దాని స్వభావము. జాడించగనే తిరిగి పచ్చబడును. దానిని హరించునది వెలుతురు. జిడ్డు పోవునట్లు ఉతికి, మరకవైపు సూర్యునికి అభిముఖముగా ఆరవేసినచో, ఒకటి రెండు ఎండలలో అది వెలిసిపోవును. ఆవకాయ నూనెలోని మిరపరంగును, జిడ్డు వదలిన పిమ్మట, చాలవరకు ఇట్లే వెలుతురునకు లొంగును. పెండ్లిభోజనమునుండి వచ్చిన తెల్లపంచెను దండెముపై ఏ వైపు త్రిప్పి వేయుదుమన్నది కూడ ఈ శాస్త్రములో భాగమే.

నాలుగు బలములు

ఉతుకుటను గూర్చి ఇక్కడ ఎక్కువగా వ్రాయను. సబ్బుకు వేరుగా ఒక అధ్యాయము కావలెను. 1959లో హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను రసాయనజ్ఞుడు శుభ్రతకు నాలుగు అంగములున్నవని చెప్పెను: రసాయనము, వేడి, రాపిడి, కాలము. ఒకటి తగ్గినచో మిగిలినవి ఆ లోటును పూరింపవలెను. మన రజకులు శతాబ్దములుగా చేసినది సరిగా ఇదే. చవుటిమన్ను నీటిలో తడిపిన బట్టలను రాత్రియంతయు ఉబ్బకు పెట్టుటలో క్షారమును, వేడియును, కాలమును ఇమిడియున్నవి. తెల్లవారి చాకిరేవు బండపై బాదుటలో రాపిడి యున్నది. యంత్రమును గొంతువరకు కుక్కినవారు బట్టలు పైకి లేచి క్రిందపడుటకు చోటులేకుండ చేసి, రాపిడిని తామే పోగొట్టుకొనుచున్నారు. పొడి రెట్టింపు వేసినందున ఆ లోటు తీరదు. మిగులు పొడి జాడింపులో పోక పోగులలో నిలిచి బట్టను బిరుసు చేయును. బోరునీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలసి తెల్లని తెట్టుగా మారును గనుక, ఆ నీరు వాడువారికి సబ్బుబిళ్లకంటె డిటర్జెంటు పొడి మేలు. ఎంజైములు గల పొడులను పట్టుబట్టలకు ఎన్నడును వాడరాదు: మాంసకృత్తు మరకలను జీర్ణించుకొను ఎంజైమునకు పట్టును మాంసకృత్తే. కుంకుడురసము పట్టుకు మన పెద్దలు ఏర్పరచిన మృదువైన మార్గము. దానికి మించినది నాకు కనబడలేదు.

చోటును అమర్చుట

ఇప్పుడు గదిని చూతము. పొడిగా నున్నపుడు ఐదు కిలోలున్న బట్టలు యంత్రమునుండి ఎనిమిది కిలోలై వచ్చునని పైలెక్కవలన తేలినది. ఆ బరువును మోయు దూరము ఎంత తక్కువైన అంత మంచిది. కావున యంత్రమునకు చోటు వెదకునపుడు గొట్టము ఎక్కడ నున్నదని మాత్రమే చూడక, దండెము ఎంత దూరమని చూడుడు. బాల్కనీ కప్పునకు కప్పీలతో బిగించి, క్రిందికి దించి బట్టలు వేసి తిరిగి పైకి లాగు దండెము ఇరుకు ఇండ్లకు వరము. నాయనమ్మ చేతులు తలపైకి ఎత్తనక్కరలేదు, క్రింద నడచువారి ముఖమునకు తడిబట్ట తగులదు.

ముందు తలుపుగల యంత్రము పైభాగమున ఒక నునుపైన పలకను బిగించినచో అదే మడతబల్ల యగును. ఎత్తు నిలుచున్నవారి మోచేతికి ఇంచుమించు సమముగా నుండవలెను. వంగి మడతపెట్టువారి నడుము అరగంటలో ఫిర్యాదు చేయును, ఆ ఫిర్యాదువలననే గుట్ట మంచముమీదికి చేరుచున్నది. పని ముగిసిన తరువాత యంత్రపు తలుపును, పొడివేయు అరను తెరచియుంచవలెను. తలుపు చుట్టునుగల రబ్బరు మడతలో నిలిచిన నీటిని గుడ్డతో తుడువనిచో బూజు పట్టును. నీరు కాచు యంత్రమునకు భూమితీగ గల 16 ఆంపియర్ల ప్లగ్గు తప్పనిసరి. తడికాళ్లతో నిలుచు చోట ఈ విషయమున ఉపేక్ష ప్రాణాంతకము. సబ్బుపొడి, తెల్లబరచు మందులు పసిపిల్లల చేతికందని పై అరలో నుండవలెను.

గుర్తు, ఇస్త్రీ

ఇస్త్రీలోను నీరే ముఖ్యము. నూలుపోగులోని పొడవైన అణువుల గొలుసులను ఒకదానితో నొకటి పట్టియుంచు బలహీనమైన బంధములు తడిచే విడివడి, ఆరునపుడు ఏ ఆకారమున నున్నవో ఆ ఆకారమున తిరిగి బిగిసికొనును. ముడుచుకొని ఆరినచో ముడుత నిలుచును. విదిలించి, అంచులు లాగి, హ్యాంగరుకు వేసి ఆరనిచ్చిన చొక్కాకు ఇస్త్రీ పని సగము తగ్గును. పూర్తిగా ఎండనీయక కొంచెము చెమ్మయున్నపుడే పెట్టె క్రిందికి తెచ్చినచో మిగిలిన సగమును సులువగును. ఎండగట్టి, మరల నీళ్లు చిలకరించుట ఒకే పనిని రెండుమార్లు చేయుట.

మడతపెట్టిన బట్ట ఎవరిదన్న ప్రశ్న ఐదుగురున్న ఇంటిలో చిన్నది కాదు. ఊరంతటి బట్టలను ఒకే రేవులో ఉతికినను, ఎవరివి వారికి చేర్చిన రజకుల నేర్పు ఇక్కడ మనకు గురువు. నల్లజీడి గింజ రసముతో బట్ట మూలన ఇంటికొక గుర్తు పెట్టెడివారు. ఆ రసము గాలి తగిలి నల్లబడి, ఎన్ని ఉబ్బలకు వేసినను చెరగెడిది కాదు. ఇంటివారు చాకలిపద్దు వ్రాసికొనెడివారు. ఆ పద్ధతిని ఇంటిలోపలికి తెచ్చుకొనవచ్చును: బట్టల లోపలి పట్టీన మనిషికొక రంగు దారపు కుట్టు, మడతబల్ల ప్రక్క అదే రంగుగల ఐదు చిన్న బుట్టలు. నల్లజీడి రసము చర్మమునకు బొబ్బలెక్కించును గనుక దారమే మంచిది.

ఈ చిన్న కుట్టునకు నేను ఇంత ప్రాముఖ్య మిచ్చుటకు కారణమున్నది. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, వేతనము లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములు, అట్టి పనులు చేయు పురుషులు 97 నిమిషములు వాటికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఏ బట్ట ఎవరిదో, ఏ అరలోనికి పోవలెనో ఇల్లాలి తలలో మాత్రమే యున్నంతకాలము, సాయపడ దలచినవారును ఆమెనే అడుగుచు నిలువవలసి వచ్చును. కుట్టు బట్టమీదికి వచ్చినపుడు ఆ జ్ఞానము అందరిదగును. ఆరేండ్ల బాలుడు ఎఱ్ఱదారమును పచ్చదారమును వేరుచేయగలడు. తండ్రి ఆఫీసునుండి వచ్చి, దండెము దించి, ప్రొద్దు గుంకకముందే ఐదు బుట్టలను నింపగలడు. రాత్రి పడుకొనబోవు ముందు ఎవరి బుట్టను వారు బీరువాకు చేర్చుకొందురు, మరునాటి విడతకు దండెము ఖాళీగా నుండును.